పావు చెంచా

పర్లాకిమిడి ఎరువుల కొట్లో
ఒక్క మొక్కకి కావాలన్నాను.
ఎన్నెకరాలని అడిగాడు త్రినాథ సాహు, బిల్లు పుస్తకంలోంచి తలెత్తకుండా.
ఎకరాలు లేవు, కిటికీ ఉంది.
తూర్పు వైపు, వంటింటిది.
మూడో ఊచకి వేలాడే కొబ్బరి డొక్క,
డొక్కలో బొగ్గులు, బొగ్గుల మీద బదనిక.
నలభై అయిదు కిలోల యూరియా బస్తా మీద చెయ్యేసుకుని
అతను చాలాసేపు నవ్వాడు.

ముప్పై ఒక్కేళ్లు మందుల షాపులో కాంపౌండర్ని.
పసిదానికి ఎన్ని చుక్కలో, ముసలాయనకి ఎంత తగ్గించాలో
ఒడియాలో చీటీ చదివి, తెలుగులో లెక్కేసి
ఇచ్చినవాణ్ణి.
ఈ మొక్కనీ తూచాను పాత ఇత్తడి తక్కెడలో.
నూట నలభై గ్రాములు, వేళ్లతో సహా.
డోసు మాత్రం నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ లేదు.

గాలివాన ఏడు
కూలిన పనస కొమ్మ మీంచి ఊడబెరికి
చింతపండు గంప అడుగున పెట్టుకొచ్చింది ఇంజూరి.
దీనికి తిండేమిటే అంటే
"ఏటీ ఎట్టకు బాబూ, కొండ మీద దానికెవులు ఎట్టినారు?" అంది.
ఇచ్చిన డబ్బులు అక్కడికక్కడే
మోకాళ్ల మాత్రలకి తిరిగిచ్చేసింది.

ఎవులూ పెట్టలేదా?
పిట్ట రెట్ట, కుళ్లిన ఆకు, కొమ్మల మీంచి కారే వాన
అవన్నీ ఎవరి లెక్కలో రాయను?
నా కిటికీకి పిట్ట రాదు. పోపు ఘాటు వస్తుంది.

పక్కవాటా గున్నమ్మ బియ్యం కడుగు పోసింది.
అరటి తొక్క నానబెట్టి పోసింది. చీమలొచ్చాయి.
బదనికంటే ఒకరి మీద పడి తినేదే కదా, ఇంట్లో ఎందుకంది.
తినదమ్మా, చెట్టు మీద ఊరికే కూచుంటుంది అన్నాను.
అయితే అద్దె ఎగ్గొట్టే రకమంది.

యూరియా దీనికి పనికిరాదు.
మట్టిలో కంటికానని పురుగు నమిలి పెడితేగాని
అది తిండి కాదు. దీనికి మట్టే లేదు.
అంచేత బస్సెక్కి పాతపట్నం వెళ్లాను,
రాష్ట్రం దాటి, వంద గ్రాముల పొట్లం కోసం.
ఇరవై ఇరవై ఇరవై. నీలం రంగు పలుకులు.
లీటరుకి అయిదు గ్రాములని అచ్చేశారు.
అచ్చేసిందాన్ని నమ్మాను. నేను! ఇన్నేళ్ల కాంపౌండర్ని!

పదో రోజుకి
పచ్చగా మెరిసే వేళ్ల కొసలు
ఆరిన వత్తుల్లా నల్లబడ్డాయి.
బొగ్గుల మీద తెల్లటి ఉప్పు పేరుకుంది.
ఆ రాత్రి షాపులో ఎవరో పిల్లాడికి దగ్గు మందిస్తూ
చెంచా రెండుసార్లు చూసుకున్నాను.

నెలరోజులు ఉత్త వాననీళ్లే.
చూరు కింద డ్రమ్ములో పట్టినవి. బోరునీళ్లు కావు,
మా బోరునీళ్లకి గిన్నెలే తెల్లబడతాయి.
తరవాత పావు చెంచా, నాలుగు లీటర్లకి.
ముందు వేళ్లు తడిపి, వెండిరంగు పచ్చబడ్డాకే.
మూడు శనివారాలు మందు, నాలుగోది కడుగుడు.
వాన పడే వారం ఏదీ లేదు.

బీ వన్ మాత్ర నూరి కలిపితే వేళ్లు దూకుతాయని
ఎవరో అన్నారు. తేదీ దాటిన పట్టీ ఒకటుంటే కలిపాను.
పని చేసిందో లేదో చెప్పలేను.
బలానికేదైనా సీసా ఇయ్యి అని అడిగేవాళ్లకీ
ఇన్నాళ్లూ ఇదే చెప్పకుండా సీసా ఇచ్చాను.

ఈ వైశాఖంలో
గోధుమరంగు గళ్ల రేకులు, ఊదా పెదవి, అయిదు పూలు.
ఇంజూరి మాత్రలకొచ్చి చూసింది.
"కొండ మీద పన్నెండు పూస్తాది" అని
ముక్కు దగ్గరగా పెట్టి, ఇంకొంచెంసేపు ఉంది.

ఒక వేరు ఊచని చుట్టేసుకుంది.
రంగులేయడానికి వస్తామని ఇంటాయన కబురు.
మూడో ఊచ వదిలెయ్యమని చెప్పాలి,
ఒడియాలో, కోపం రాకుండా.